గోదావరి డెల్టాలో మాండలిక పరిశోధన: ప్రశ్న నుంచి సిద్ధాంత వ్యాసం దాకా

మాండలికం మీద పరిశోధన అనగానే చాలామంది విద్యార్థులు నోటు పుస్తకం పట్టుకుని, వింతగా వినిపించిన మాటలన్నీ రాసుకోవడంతో మొదలుపెడతారు. ‘ఆయ్’, ‘ఏటండీ’, ‘ఎల్లొత్తానండి’ వంటివి ఓ వంద పోగుచేసి, పక్కన ప్రామాణిక రూపాలు రాసి, పైన ‘గోదావరి యాస ప్రత్యేకతలు’ అని శీర్షిక పెడితే పట్టిక తయారవుతుంది గాని పరిశోధన తయారు కాదు. ‘ఎల్లొత్తానండి’ అన్న మనిషే అదే పూట ‘వస్తానండి’ అని ఎన్నిసార్లు అన్నాడో ఆ పట్టిక చెప్పదు. సినిమాల్లో హాస్యపాత్రల చేత మాట్లాడించే యాసలో ఉన్న లోపమే ఇందులోనూ ఉంటుంది: విన్నవారికి కొట్టొచ్చినట్టు అనిపించినవి మిగిలి, మామూలుగా దొర్లిపోయినవి జారిపోతాయి. ఒక రూపం ఎక్కడ వచ్చిందో రాసుకోవడంతో పాటు, రావడానికి వీలున్నా ఎక్కడ రాలేదో కూడా లెక్కించాలన్నది అమెరికా భాషాశాస్త్రవేత్త విలియం లబోవ్ స్థిరపరచిన నియమం. ఈ మార్గదర్శి అంతా ఆ నియమం మీదే నడుస్తుంది.

ఉదాహరణగా ఒకే ఒక ధ్వని మార్పును తీసుకుందాం. ‘వస్తాను’ స్థానంలో ‘వత్తాను’, ‘చేస్తాను’ స్థానంలో ‘చేత్తాను’ డెల్టాలో నిత్యం వినబడతాయి. ఎం.ఏ. లేదా పీహెచ్‌డీ మొదటి దశలో ఉన్న విద్యార్థి ఈ ఒక్క మార్పును పట్టుకుని సిద్ధాంత వ్యాసం దాకా ఎలా వెళ్లవచ్చో కింద వరుసగా ఉంది.

మొదటి అడుగు: ప్రశ్నను కుదించడం

‘గోదావరి యాస ఎలా ఉంటుంది?’ అనేది పరిశోధన ప్రశ్న కాదు, ఎందుకంటే దానికి ఏ జవాబు చెప్పినా తప్పని నిరూపించడం కుదరదు. ‘వశిష్ఠ పాయకు తూర్పున ఉన్న సఖినేటిపల్లిలోనూ, పడమట ఉన్న నరసాపురంలోనూ భవిష్యదర్థక క్రియల్లో స్త బదులు త్త పలికే నిష్పత్తి ఒకటేనా, వేరువేరా? వేరైతే దానికి కారణం ఒడ్డా, వయసా?’ అన్నది ప్రశ్న. రెండు ఊళ్ల మధ్య ఉన్నది ఒక్క పాయ. పంటు మీద అటూ ఇటూ జనం రోజూ రేవు దాటుతూనే ఉంటారు. అయినా ఈ ఒడ్డు మాట వేరు, ఆ ఒడ్డు మాట వేరు అని రెండు వైపుల వాళ్లూ నమ్మకంగా చెబుతారు. ఆ నమ్మకాన్ని అంకెలతో పరీక్షించడమే మీ పని. తేడా లేదని తేలినా అది ఫలితమే, దాన్ని అలాగే రాయాలి.

రెండో అడుగు: ఇదివరకు జరిగిన పని

తెలుగు మాండలికాల అధ్యయనంలో తప్పనిసరిగా తిరగేయవలసింది భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశం. వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వెలువడ్డాయి. తెలుగు నేలను నాలుగు మాండలిక మండలాలుగా విభజించి, ఉభయ గోదావరి జిల్లాలను కృష్ణా, గుంటూరులతో కలిపి మధ్య మండలంగా చూపిన విభజనకు ఆ కృషే ఆధారం. అక్కడ సేకరించినవి వృత్తి పదాలన్న సంగతి గుర్తుండాలి. ఊడ్పులు అంటారా, నాట్లు అంటారా, ఆకుమడా, నారుమడా అన్న తేడాల సరిహద్దులూ, స్త–త్త వంటి ఉచ్చారణ తేడాల సరిహద్దులూ ఒకే గీత మీద పడాలన్న నియమం ఏదీ లేదు.

బ్రిటిష్ అధికారి జార్జ్ గ్రియర్సన్ నాయకత్వంలో 1894లో మొదలై 1928లో ముగిసిన భారతీయ భాషా పరిశీలనను కూడా విద్యార్థులు అలవాటుగా ఉదహరిస్తారు. ఆ పరిశీలన మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించలేదు, గోదావరి డెల్టా అప్పట్లో ఆ ప్రెసిడెన్సీలోనిదే. కాబట్టి డెల్టా గురించి అందులో ప్రత్యక్ష సర్వే సమాచారం ఉన్నట్టు రాయకూడదు.

పాత పుస్తకాలు చదివేటప్పుడు జిల్లాల పేర్లతోనూ జాగ్రత్త అవసరం. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్వ్యవస్థీకరణలో అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా, కాకినాడ జిల్లా ఏర్పడ్డాయి. పడమట ఏలూరు, పశ్చిమ గోదావరి వేరయ్యాయి. 1962 నాటి ‘తూర్పు గోదావరి’, నేటి తూర్పు గోదావరి ఒకటి కావు. యానాం అయితే 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉండి, ఇప్పుడు పుదుచ్చేరిలో భాగంగా ఉంది. పాలన గీతలు ఎలా మారినా మాట వాటి వెంట మారుతుందని ముందే అనుకోవద్దు. మీ వ్యాసంలో ఊరి పేరు, మండలం పేరు రాస్తే ఈ గందరగోళం ఉండదు.

మూడో అడుగు: ఏది లెక్కలోకి వస్తుంది, ఏది రాదు

ఇక్కడ తొందరపడితే తరవాత పనంతా తిరగరాయవలసి వస్తుంది. స్త, త్త రెండూ పలకడానికి వీలున్న చోట్లే లెక్కలోకి రావాలి. వస్తాను, ఇస్తావు, చేస్తాడు వంటి భవిష్యత్, తద్ధర్మ (అలవాటుగా జరిగేదాన్ని చెప్పే) రూపాలు వస్తాయి. ‘వస్తే’ వంటి చేదర్థకాలు, ‘చేస్తున్నాను’ వంటి వర్తమాన రూపాలు కూడా వస్తాయి గాని, వాటిని వేరే గుర్తుతో నమోదు చేయాలి. ‘రాను’, ‘చేయను’ వంటి వ్యతిరేక రూపాల్లో స్త ఉండదు కాబట్టి వాటితో పని లేదు. పుస్తకం, ఆస్తి, మేస్త్రి వంటి నామవాచకాల్లో పరిస్థితి వేరు. వాటిని క్రియలతో కలిపి లెక్కిస్తే ఫలితం కలగాపులగం అవుతుంది. పాటల్లో, సామెతల్లో, ఇంకొకరి మాటను అనుకరించి చెప్పినప్పుడు వచ్చిన రూపాలను వదిలేయాలి. ‘వస్తాను’ను ‘వొస్తాను’ అనడం అచ్చుకు సంబంధించిన మరో తేడా, దాన్ని దీంతో కలపకూడదు. ‘ఏత్తాను’ అంటే ‘వేస్తాను’, ‘ఎత్తాను’ అంటే బరువెత్తిన సంగతి. వేగంగా మాట్లాడేటప్పుడు ఈ రెండూ దగ్గరగా వినిపిస్తాయి కాబట్టి సందర్భం చూసి నిర్ణయించాలి.

తరవాత క్రియల చరిత్ర చూడాలి. ‘వత్తాను’ను చదువులేని వారి నోట చెడిపోయిన రూపంగా కొట్టిపారేసే వ్యాసాలకు తక్కువేమీ లేదు. సుమతీ శతకం వల్లె వేసిన ప్రతివారికీ ‘బంధువులు వత్తురు’ అన్న మాట తెలుసు. వచ్చు, ఇచ్చు, తెచ్చు, చచ్చు క్రియలకు కావ్యభాషలో వత్తురు, ఇత్తురు, తెత్తురు, చత్తురు అన్నవే రూపాలు. చేయు, వ్రాయు వంటి క్రియలకు కావ్యభాషలో ఈ త్త లేదు, అక్కడ చేయుదురు, వ్రాయుదురు అని ఉంటుంది. చూచు, కాచు క్రియలకు చూతురు, కాతురు. వినిపించు వంటి వాటికి వినిపింతురు. అంటే ఈనాడు ‘వత్తాను, చేత్తాను, చూత్తాను, వినిపిత్తాను’ అని ఒకే తీరుగా వినిపించే నాలుగు మాటల వెనక నాలుగు వేర్వేరు చరిత్రలున్నాయి.

దీన్నుంచి పరీక్షించదగిన పరికల్పన ఒకటి పుడుతుంది. నేటి త్త పాత రూపాల కొనసాగింపే అయితే అది వచ్చు వర్గంలో ఎక్కువగా, చేయు వర్గంలో తక్కువగా ఉండాలి. అలా కాక స్‌ పక్కనున్న త్‌లో కలిసిపోయే సమీకరణ ఫలితమే అయితే అన్ని వర్గాల్లోనూ దాదాపు సమానంగా ఉండాలి. అందుకని ప్రతి ప్రయోగం పక్కనా క్రియావర్గం రాసుకోవాలి. మరో మాట: స్త–త్త తేడా డెల్టాకే సొంతం కాదు, ఉత్తరాంధ్రలోనూ తెలంగాణలోనూ ఇలాంటి రూపాలు వినబడతాయి. ఇది గోదావరి ముద్ర అని వ్యాసంలో రాసేస్తే మొదటి పరీక్షకుడే పట్టుకుంటాడు.

నాలుగో అడుగు: ఎవరితో మాట్లాడాలి

పాతకాలపు మాండలిక శాస్త్రం ఊరు వదలని ముసలి రైతును వెతికేది. జర్మనీలో గేయార్గ్ వెంకర్ 1876లో బడిపంతుళ్లకు వాక్యాలు పంపి స్థానిక మాటలోకి మార్పించాడు. ఫ్రాన్సులో ఎడ్మన్ ఎడ్మాన్ 1897 నుంచి 1901 దాకా సైకిలు మీద తిరిగి, దాదాపుగా ఊరికొక మనిషి చొప్పున అడిగి రాసుకున్నాడు. పటాలు గీయడానికి అది చాలింది. ఒకే ఊళ్లో అమ్మమ్మ, మనవరాలు వేరుగా మాట్లాడటానికి కారణమేమిటో చెప్పడానికి మాత్రం చాలదు.

మన ప్రశ్నకు ఒడ్లు రెండు, వయసు వర్గాలు రెండు, స్త్రీలు, పురుషులు, వెరసి ఎనిమిది గళ్లు. ఒక్కో గడికి నలుగురైతే ముప్ఫై రెండు మంది. చదువును కూడా చేర్చాలంటే గళ్లు పదహారు, మనుషులు అరవై నాలుగు. ఎం.ఏ. విద్యార్థికి మొదటిదే చాలు. రెండోది మొదలుపెట్టి సగంలో ఆపేయడం కంటే చిన్న నమూనాను పూర్తిగా నింపడం మేలు. చదువు ప్రభావం చూడాలని గట్టిగా ఉంటే ఒడ్డును వదిలేసి ఒకే ఊళ్లో చేయవచ్చు.

కులం గురించి విద్యార్థులు తప్పక అడుగుతారు. పరిశోధన ప్రశ్నకు కులం అవసరమైతేనే, నైతిక సమీక్షా సంఘం అనుమతితోనే నమోదు చేయాలి. ప్రశ్నపత్రంలో ఒక గడి ఖాళీగా ఉంది కదా అని అడిగేది కాదు అది.

ఐదో అడుగు: సమ్మతి, సమయం

సమ్మతి పత్రం తెలుగులో, చదివితే అర్థమయ్యే తెలుగులో ఉండాలి. చదవలేని వారికి వినిపించి, వారి ఒప్పుకోలును రికార్డు చేయాలి. గొంతు కూడా మనిషిని గుర్తుపట్టించే సమాచారమే కాబట్టి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 గురించి మీ సంస్థ నిబంధనలేమిటో ముందే తెలుసుకోవాలి. పేర్లకు బదులు సంకేతాలు వాడటంతో సరిపోదు. చిన్న లంక గ్రామంలో ‘పడవ నడిపే అరవై ఏళ్ల స్త్రీ’ అని రాస్తే ఆ ఊరివాళ్లందరికీ ఆమె ఎవరో తెలిసిపోతుంది.

ఊడ్పుల రోజుల్లోనూ కోతల రోజుల్లోనూ రైతుల ఇళ్లకు వెళ్లకపోవడం మర్యాద. కొబ్బరి దింపు, ఒలుపు పనులు చేసేవారికి గంట కూర్చోవడమంటే గంట కూలి పోవడమే కాబట్టి, పని ముగిశాకే వెళ్లాలి. సంక్రాంతికి డెల్టా ఊళ్లు హైదరాబాదు, విశాఖల నుంచి వచ్చిన బంధువులతో నిండిపోతాయి. అప్పుడు కలిసినవారు ఊళ్లో ఉంటున్నవారో కాదో తేల్చుకోకపోతే నమూనా దెబ్బతింటుంది.

ఆరో అడుగు: మాట్లాడించడం

మనుషులు తమను ఎవరూ గమనించనప్పుడు ఎలా మాట్లాడతారో తెలుసుకోవాలి. తెలుసుకోవాలంటే గమనించక తప్పదు. లబోవ్ చెప్పిన ఈ పరిశీలకుడి వైరుధ్యం డెల్టాలో మరీ పదునుగా ఉంటుంది. యూనివర్సిటీ నుంచి వచ్చారనగానే కుర్చీ వేసి, ‘చెప్పండి బాబూ’ అని, అప్పటిదాకా మనవడితో ‘వత్తన్నానెహె’ అన్న పెద్దాయన ‘వస్తున్నానండి’లోకి వెళ్లిపోతాడు. అందుకే మొదటి పది నిమిషాల రికార్డింగును లెక్కలోకి తీసుకోకపోవడం మంచి అలవాటు. ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్లను కలిపి కూర్చోబెడితే వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటారు, మీరు పక్కకు తప్పుకోవచ్చు.

మన చలరాశి, అంటే మనం లెక్కించే స్త–త్త తేడా, భవిష్యత్, తద్ధర్మ క్రియల్లో ఉంది కాబట్టి ‘అప్పుడేం జరిగింది?’ అని అడిగితే ‘వచ్చింది, పోయింది’ అని భూతకాలం వస్తుంది, మీకు పనికొచ్చే రూపాలు దొరకవు. ‘పులుసు ఎలా పెడతారండీ?’, ‘ఆకుమడి దగ్గర్నుంచి కుప్ప నూర్చేదాకా వరుసగా ఏమేం పనులుంటాయి?’, ‘కాయ దింపాక కురిడీ దాకా ఏం జరుగుతుంది?’ అని పని తీరు అడగాలి. అప్పుడు ‘ముందు దుక్కి చేత్తాం, బోదెలోంచి నీళ్లు పెడతాం, ఆకు తీసి కట్టలు కట్టి మోత్తాం’ అని ధార కడుతుంది. ‘పెడతాం’లో స్త లేదు కాబట్టి అది లెక్కలోకి రాదు, ‘చేత్తాం’, ‘మోత్తాం’ వస్తాయి. మీరు అడిగే ప్రశ్నలో స్త గాని త్త గాని లేకుండా చూసుకోవాలి. ‘ఏం చేస్తారు?’ అంటే ‘చేస్తామండి’ అన్న జవాబును మీరే వాళ్ల నోట పెట్టినట్టవుతుంది.

మనిషి తనను మరిచి మాట్లాడేందుకు ప్రాణాపాయం గురించి అడగడం లబోవ్ వాడిన మరో ఉపాయం. డెల్టాలో 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుపాను గురించి అడిగితే ఎవరైనా చెబుతారు. కాని 1996లో అయినవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలు కోనసీమలో ఎన్నో ఉన్నాయి. వాళ్లంతట వాళ్లు చెబితే వినండి గాని, క్రియారూపాల కోసం ఆ గాయాన్ని కెలకవద్దు. పై పని ప్రశ్నలతో మనకు కావలసిన రూపాలు అంతకంటే ఎక్కువే దొరుకుతాయి.

ఇంటర్వ్యూలకు తోడుగా వేగంగా చేసే పరిశీలన ఒకటుంది. 1962లో లబోవ్ న్యూయార్క్‌లోని మూడు దుకాణాల్లో, నాలుగో అంతస్తులో ఉన్న విభాగం ఎక్కడని సిబ్బందిని అడిగి, ‘ఫోర్త్ ఫ్లోర్’ అన్న జవాబులో ‘ర’కారం పలికారో లేదో విన్నాడు. వినబడనట్టు మళ్లీ అడిగి, రెండోసారి జాగ్రత్తగా పలికిన మాటనూ విన్నాడు. పక్కకు వెళ్లి రాసుకున్నాడు. అలా 264 మంది నుంచి సమాచారం వచ్చింది. ఇదే పద్ధతిని రావులపాలెం బస్టాండుకు తెచ్చుకోవచ్చు. ‘అమలాపురం బస్సు ఎప్పుడండీ?’ అంటే ‘పదింటికి’ అని ఊరుకుంటారు, క్రియ రాదు. ‘అమలాపురం బస్సు ఇక్కడికేనాండీ?’ అంటే ‘ఇక్కడికే వత్తాదండి’ అనో ‘ఇక్కడికే వస్తుందండి’ అనో వచ్చే అవకాశం ఎక్కువ. ‘ఏవన్నారండీ?’ అని మళ్లీ అడిగితే నింపాదిగా పలికిన రూపం దొరుకుతుంది. మొదటిసారి త్త, రెండోసారి స్త వస్తే ఆ మనిషికి ఏ రూపం గౌరవమైనదనిపిస్తుందో తెలిసినట్టే. క్రియ లేకుండా వచ్చిన జవాబులను కూడా నమోదు చేయాలి. ఇందులో పేర్లు, గొంతులు సేకరించరు గనుక చిక్కు తక్కువే అయినా, సమీక్షా సంఘానికి ముందే తెలియజేయడం అవసరం.

ఏడో అడుగు: రికార్డింగు, రాత

కుదించని వేవ్ ఫార్మాట్‌లో, సెకనుకు 44,100 లేదా 48,000 నమూనాలతో, కనీసం 16 బిట్లతో రికార్డు చేయాలి. 44,100 నమూనాలు, 16 బిట్లతో ఒకే ఛానల్‌లో గంటకు సుమారు 318 మెగాబైట్లు అవుతుంది. వాట్సాప్ వాయిస్ నోట్లు ధ్వనిని బాగా కుదిస్తాయి. స్ ఉందా లేదా అన్న ప్రశ్నకు జవాబు ఎక్కువగా పై పౌనఃపున్యాల్లోనే ఉంటుంది కాబట్టి అవి మనకు పనికిరావు. చొక్కాకు తగిలించే మైకు వాడి, ఫ్యాను ఆపించి, రొయ్యల చెరువుల ఏరేటర్లకు దూరంగా కూర్చోవాలి. మే నెలలో ఫ్యాను ఆపమనడం పాపమే, అందుకే పొద్దున్నే వెళ్లడం నయం.

రాతకు ఈలాన్, ధ్వని పరిశీలనకు ప్రాత్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు చాలు. గంట మాటను రాయడానికి పూర్తి పని దినం పడుతుందని లెక్క వేసుకోండి. మామూలు పాఠాన్ని తెలుగు లిపిలో రాయవచ్చు గాని, ‘వచ్చాడు’లోని దీర్ఘ అచ్చును, ‘చాప’, ‘చెప్పు’లలోని రెండు రకాల చకారాలను మన లిపి వేరుగా చూపదు. ఆ వివరం కావలసినచోట అంతర్జాతీయ ధ్వని లిపి వాడాలి.

చెవికి అనుమానం వచ్చినచోట ప్రాత్‌లో స్పెక్ట్రోగ్రామ్ (ధ్వని పౌనఃపున్యాల చిత్రం) తెరవండి. ‘వస్తాను’లో అచ్చు తరవాత, పైభాగంలో నల్లని ఊష్మ ధ్వని మరక కనిపించి, ఆ వెనక చిన్న ఖాళీ ఉంటుంది. ‘వత్తాను’లో మరక లేకుండా పొడవైన ఖాళీ ఒక్కటే ఉండి, చివర త్ విడుదల గీత వస్తుంది. రెంటికీ మధ్యస్థంగా ఉన్నవాటిని ‘అస్పష్టం’ అని వేరుగా లెక్కించి, ఎన్నో వ్యాసంలో చెప్పాలి. సేకరించిన ప్రయోగాల్లో కొంత భాగాన్ని మరొకరి చేత స్వతంత్రంగా గుర్తింపజేసి, ఇద్దరి ఏకీభావాన్ని 1960లో జేకబ్ కోహెన్ ప్రతిపాదించిన కప్పా కొలతతో చూపితే పరీక్షకుల సందేహం సగం తీరుతుంది.

ఎనిమిదో అడుగు: లెక్క

ప్రతి ప్రయోగానికీ పట్టికలో ఒక వరుస ఉండాలి: వక్త సంకేతం, ఒడ్డు, వయసు, స్త్రీయా పురుషుడా, క్రియ, క్రియావర్గం, కాలం, సంభాషణా బస్టాండా, రూపం. ఊహకు ఒక ఉదాహరణ: ఒకరి దగ్గర 60 చోట్ల 18 త్తలు, మరొకరి దగ్గర 24 చోట్ల 18 త్తలు వచ్చాయనుకుందాం. మొదటిది 30 శాతం, రెండోది 75 శాతం. పద్దెనిమిదేసి ఉదాహరణలు మాత్రమే రాసుకున్న విద్యార్థికి ఇద్దరూ ఒకేలా మాట్లాడినట్టు కనిపిస్తుంది.

గుంపుల మధ్య తేడా కాకతాళీయమా కాదా అని చూసే కై వర్గ పరీక్షతో సరిపెట్టుకోవద్దు. ఆ పరీక్ష ప్రతి ప్రయోగం స్వతంత్రమైనదని భావిస్తుంది, ఒకే మనిషి నోట వచ్చిన అరవై మాటలు స్వతంత్రమైనవి కావు. ఒకే మనిషి, ఒకే క్రియ పదేపదే రావడాన్ని పట్టించుకునేలా వక్తను, క్రియను యాదృచ్ఛిక అంశాలుగా తీసుకునే మిశ్రమ ప్రభావాల లాజిస్టిక్ రిగ్రెషన్‌ను ఉచితంగా దొరికే ఆర్ భాషలో చేయవచ్చు. ‘వస్తా’ ఒక్కటే ప్రయోగాల్లో సగం ఆక్రమిస్తే, ఒక వక్త నుంచి ఒక క్రియకు ఇన్నే తీసుకోవాలని ముందే పరిమితి పెట్టుకోండి.

పెద్దవాళ్లలో త్త ఎక్కువ, పిల్లల్లో తక్కువ అని తేలితే మార్పు జరుగుతోందని వెంటనే ప్రకటించవద్దు. కాలేజీలో స్త అంటున్న కుర్రవాడు పొలానికో వ్యాపారానికో తిరిగి వచ్చాక త్తలోకి మళ్లవచ్చు. ఈ రెండింటిలో ఏదో తేల్చాలంటే పాత రికార్డింగులైనా ఉండాలి, కొన్నేళ్ల తరవాత అదే ఊరికి వెళ్లి మళ్లీ అడగనైనా అడగాలి.

చివరి అడుగు: వ్యాసం, భద్రపరచడం

ఉదాహరణ వాక్యాలకు తెలుగు పాఠం, ధ్వని లిపి, పదాంశాల విశ్లేషణ మూడు వరుసల్లో ఇవ్వండి. మినహాయించినవి ఏవి, ఎన్ని, ఎందుకో పద్ధతుల అధ్యాయంలోనే రాయండి. వక్తలకు వారి రికార్డింగు ప్రతి కావాలేమో అడిగి, అవునంటే ఇవ్వండి. పట్టా వచ్చాక ఊరివైపు చూడకపోతే అది ఏరు దాటి తెప్ప తగలేయడమే అవుతుంది, పైగా మీ తరవాత అక్కడికి వెళ్లే విద్యార్థికి తలుపు తెరుచుకోదు. ధ్వని దస్త్రాలను, ఈలాన్ పాఠాలను, సంకేతాల పట్టికను రెండు వేర్వేరు చోట్ల భద్రపరచి, పేర్ల జాబితాను మాత్రం వాటితో కలపకుండా తాళం వేసి ఉంచండి.